పెద్ద నగరాల పాత ఫైరింజన్లు, నిచ్చెన బళ్ల ఫొటోలు: ఎవరి దగ్గర ఏమున్నాయి, ఎలా గుర్తుపడుతున్నారు?

#1 జెర్సీ సత్తిబాబు

ఈ వేదికలో రైలింజన్ల మీద, పాత బస్సుల మీద పేజీలకి పేజీలు చర్చలున్నాయి గానీ ఫైరింజన్ల మీద ఒక్కటీ కనపడలేదు. అందుకే మొదలుపెడుతున్నా.

నేనుండేది న్యూజెర్సీ. ఇక్కడ ఫ్లీ మార్కెట్లో (పాత సామాన్ల సంతలో) ఒక అట్టపెట్టె నిండా స్లైడ్లు (అట్ట ఫ్రేములో బిగించిన పారదర్శక ఫిల్మ్ ఫొటోలు) దొరికాయి. రెండొందల పైచిలుకు ఉంటాయి, అన్నీ ఫైరింజన్లూ నిచ్చెన బళ్లే. ఎవరో పెద్దాయన తీసుకున్నవట. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు అమ్మకానికి పెట్టారు. సగం స్లైడ్ల అట్ట మీద పెన్సిల్‌తో ఊరు, ఇంజిన్ నంబరో ల్యాడర్ నంబరో, సంవత్సరం రాసి ఉన్నాయి. మిగతా సగం మీద గీత కూడా లేదు. నా తంటా అంతా వాటితోనే.

మచ్చుకి మూడు స్కాన్లు కింద పెట్టాను. మొదటిది పొడవాటి నిచ్చెన బండి. వెనక చివర ఇంకో మనిషి కూర్చుని వెనక చక్రాలు తిప్పే రకం. క్యాబ్ మీద కప్పు ఉంది గానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కాదు, వడ్రంగి చేత ప్లైవుడ్ కొట్టించినట్టుంది. తలుపు తెరిచి ఉండటంతో నంబరు కనపడదు. రెండోది ట్రెయిలర్ మీద ఎక్కించిన పంపు, దాని చుట్టూ కాలంత లావు గొట్టాలు. మూడో దాంట్లో ఎర్ర బండి, నల్ల కప్పు, మడత పడే పొడుగాటి చేయి, దాని చివర బుట్ట. ఒక పక్క ఆకుపచ్చ దీపం కూడా ఉంది.

తెలిసినవాళ్లు చెప్పండి.

#2 షికాగో సుబ్బారావు

మూడోది మా ఊరిదే సత్తిబాబు గారూ, అనుమానం అక్కర్లేదు. ఎర్ర ఒళ్లు, నల్ల కప్పు, ఆకుపచ్చ దీపం ఈ మూడూ కలిస్తే షికాగో. ఓడలకి ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ దీపాలుంటాయి కదా, ఆ పద్ధతే ఇక్కడ ఫైరింజన్లకి వచ్చింది. ఓడల వ్యాపారంతో సంబంధమున్న ఆల్బర్ట్ గుడ్‌రిచ్ అనే ఫైర్ కమిషనర్ పెట్టించాడని చెబుతారు. ఇప్పటికీ స్టేషన్ల ముందు కూడా ఆ రెండు రంగుల దీపాలు చూస్తాం.

ఆ చేయి ఉన్న బండిని స్నార్కెల్ అంటారు. 1958లో కమిషనర్ రాబర్ట్ క్విన్ హయాంలో మొదలైంది. ఎత్తులో పనిచేసేవాళ్లు బుట్టలో నిలబడి పైకి వెళ్లే యంత్రం చూసి, ఇదే బుట్టలోంచి నీళ్లు కొడితే ఎలా ఉంటుందని ఆలోచించాడాయన. మొదటి దాని చేయి 50 అడుగులు, తయారు చేసింది పిట్‌మన్ కంపెనీ. నిచ్చెన మీద నిలబడ్డ మనిషి గొట్టం పట్టుకుని ఒక్క దిక్కుకే కొట్టగలడు. బుట్టలో ఉన్నవాడు కిటికీ కిందకీ, పైకీ, అవసరమైతే గోడ అవతలికీ పోగలడు. తర్వాత దేశదేశాల్లో ఈ రకం బళ్లు కొన్నారు.

మీ స్లైడ్‌లో బండి నంబరు చదవగలిగితే చెప్పండి, నా దగ్గరున్న వాటితో పోల్చి చూస్తా.

#3 ఫైర్‌బఫ్ భాస్కర్

రెండో స్లైడ్ చూసి కుర్చీలోంచి లేచాను! సత్తిబాబూ, నువ్వు కొన్న పెట్టెలో మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. అది న్యూయార్క్ సూపర్ పంపర్.

తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తా. 1965లో మ్యాక్ కంపెనీ న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చిన బండి ఇది. రూపకల్పన విలియం ఫ్రాన్సిస్ గిబ్స్‌ది. యునైటెడ్ స్టేట్స్ అనే మహా వేగమైన ప్రయాణికుల ఓడని డిజైన్ చేసిన నౌకా ఇంజనీరు ఆయనే. ఆయనకి చిన్నప్పట్నించీ ఫైరింజన్ల పిచ్చి. అందుకే ఓడల ఆలోచనే ఇందులో కనపడుతుంది. పంపుని తిప్పేది నేపియర్ డెల్టిక్ డీజిల్ ఇంజను. 18 సిలిండర్లు, ఒక్కో దాంట్లో ఎదురెదురుగా రెండేసి పిస్టన్లు, 2400 హార్స్‌పవర్. గస్తీ పడవల్లోనూ, బ్రిటిష్ రైలింజన్లలోనూ వాడింది ఈ రకమే.

నిమిషానికి 8800 గ్యాలన్లు, అంటే సుమారు 33 వేల లీటర్లు తోడుతుంది. మన మునిసిపల్ ట్యాంకర్లు ఐదారు నిమిషంలో ఖాళీ అయినట్టు లెక్క వేసుకోండి. ఒకేసారి ఎనిమిది హైడ్రెంట్ల (ఫైరింజన్లకి నీళ్లిచ్చే వీధి కుళాయిల) నుంచి నీళ్లు తీసుకోగలదు. దీనొక్కదాన్ని పంపితే ఏం లాభం లేదు, వెంట గొట్టాలూ నీటి ఫిరంగులూ మోసే సూపర్ టెండర్, ఇంకా మూడు శాటిలైట్ బళ్లు వెళ్లేవి. 1982లో సర్వీసు నుంచి తీసేశారు.

ఒక్క ప్రశ్న: ట్రాక్టర్ ముందు భాగం స్పష్టంగా ఉందా? ఇంకో కోణంలో స్లైడ్ ఉంటే అదీ పెట్టు.

#4 కొడాక్ కామేశం

బళ్ల సంగతి పెద్దలు చెప్పారు, నేను అట్ట సంగతి చెబుతా.

స్లైడ్ ఫ్రేమ్ అట్ట మీద అంచున చూడండి. కొడాక్ ల్యాబులో కడిగిన వాటి మీద నెల, సంవత్సరం అచ్చు కొట్టి ఉంటాయి. అది కడిగిన తేదీ, తీసిన తేదీ కాదు. రీలు పూర్తవడానికి కొందరికి ఆర్నెల్లు పట్టేది. కాబట్టి బండి "ఆ తేదీకి ముందు ఎప్పుడో" అక్కడ ఉందని మాత్రమే చెప్పగలం. అయినా ఒకే రీలువి వరసగా దొరికితే చాలా ఉపయోగం. కొన్ని అట్టల మీద ఫ్రేమ్ నంబరు కూడా ఉంటుంది, వాటిని క్రమంలో పేర్చితే ఆ పెద్దాయన ఆ రోజు ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి నడిచాడో తెలిసిపోతుంది.

ఇంకోటి, కోడాక్రోమ్ అనే రకం ఫిల్మ్ స్లైడ్లనీ మిగతా వాటినీ వేరు చేయండి. కోడాక్రోమ్‌ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఎమల్షన్ (రసాయనం పూత) వైపు బొమ్మ కాస్త ఉబ్బెత్తుగా కనపడుతుంది. చీకట్లో దాస్తే దాని రంగులు అరవై డెబ్భై ఏళ్లకీ చెక్కుచెదరవు. అదే పాత ఎక్టాక్రోమ్ అయితే గులాబీ రంగుకి తిరిగి ఉంటుంది. దాన్ని బట్టి బండి రంగు నిర్ణయించకండి.

స్కానర్‌లో దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఉంటుంది కదా, కోడాక్రోమ్‌కి అది ఆపేయండి. అంచులు చెరిపేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి కూడా పనికిరాదు. బ్లోయర్‌తో దుమ్ము ఊదుకోవడమే.

#5 జెర్సీ సత్తిబాబు

కామేశం గారూ, అచ్చులున్నాయి! ప్లైవుడ్ కప్పు బండి మీద "ఆగస్టు 69" అని ఉంది. భాస్కర్ అన్నా, సూపర్ పంపర్‌వి ఇంకో రెండున్నాయి, రాత్రికి స్కాన్ చేస్తా.

#6 ఫైర్‌బఫ్ భాస్కర్

1969 అంటే సరిగ్గా సరిపోయింది. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో చాలా బళ్లకి క్యాబ్ కప్పు ఉండేది కాదు. 1960ల్లో అల్లర్లు మొదలయ్యాక వీధుల్లో బండి పోతుంటే మిద్దెల మీద నుంచి సీసాలు, ఇటుకలు పడేవి. అందుకని స్టేషన్లలోనూ, డిపార్ట్‌మెంట్ షాపులోనూ చెక్కతో, రేకుతో కప్పులు వేసుకున్నారు. ఆ తర్వాత కొన్న బళ్లు మూసిన క్యాబ్‌తోనే వచ్చాయి. 1967లో మొదలైన మ్యాక్ సీఎఫ్ మోడల్ న్యూయార్క్‌లో ఎక్కడ చూసినా కనిపించేది.

ఇలాంటి కప్పు ఉన్న స్లైడ్ అందంగా ఉండదని కొందరు పక్కన పడేస్తారు. నేనైతే షోరూమ్ నుంచి దిగినట్టున్న పది బళ్ల ఫొటోలిచ్చి ఇదొక్కటి తీసుకుంటా. ఆ ఊరు ఆ ఏడు ఎలా ఉందో ఆ ప్లైవుడ్ చెబుతుంది.

వెనక కూర్చునేవాడిని టిల్లర్‌మన్ అంటారు. పాత బళ్లలో అతని సీటు నిచ్చెనకి అడ్డంగా ఉండేది. అందుకని నిచ్చెన లేపే ముందు స్టీరింగు తీసి, సీటు పక్కకి తప్పించాల్సి వచ్చేది. ఫొటోలో సీటు ఏ స్థితిలో ఉందో చూడండి, బండి ఊరికే ఆగి ఉందా పనిలో ఉందా అన్నది తెలుస్తుంది.

#7 లష్కర్ పోరడు

అన్నలూ, ఒక మాట అడుగుత, కోపం తెచ్చుకోవద్దు. న్యూయార్క్, షికాగో బళ్ల గురించి అమెరికావాళ్లే పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నరు. మనం తెలుగుల దాన్ని మళ్లీ రాసుడు ఎందుకు? మన దగ్గరి బళ్ల ఫొటోలు ఎవరు జమ చేస్తున్నరు? మా సికింద్రాబాద్‌ల చిన్నప్పుడు చూసిన గంట బండి ఫొటో ఒక్కటి కూడ నెట్‌ల దొరకది.

#8 ఢిల్లీ దుర్గ

పోరడు గారూ, మీ సికింద్రాబాద్ బండే ఢిల్లీలో ఉంది తెలుసా? చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో 1914 నాటి జాన్ మోరిస్ ఫైరింజన్ ఉంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో తయారైంది. కొన్నది నిజాం రైల్వే. స్టేట్స్‌మన్ వింటేజ్ కార్ ర్యాలీలో చాలాసార్లు తనంతట తను నడుచుకుంటూ వచ్చింది. ఆ ర్యాలీ రోజు జనం రోల్స్‌రాయిస్‌ల చుట్టూ ఎంతమంది ఉంటారో దీని చుట్టూ అంతమంది ఉంటారు.

ఫొటో తీసేవాళ్లకి ఒక సలహా. మ్యూజియంలో నిలబెట్టినప్పటి కంటే ర్యాలీలోనే బాగా వస్తుంది. బయటి వెలుతురులో ఇత్తడి మెరుపు వేరు.

#9 లష్కర్ పోరడు

దుర్గ గారూ, ఇది నాకు అసలు తెల్వది! నిజాం రైల్వే బండి ఢిల్లీల తిరుగుతుంటే ఇక్కడ మేము గూగుల్‌ల వెతుకుతున్నం. ఈసారి ర్యాలీకి వస్త.

కానీ నా ప్రశ్న మాత్రం అట్లనే ఉన్నది.

#10 వాల్తేరు వాసు

పోరడు తమ్ముడూ, నీ ప్రశ్న న్యాయమైనదే. మా నాన్నగారు ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మా ఇంట్లో ఆయన ఫొటోలు నాలుగైదున్నాయి. ఒక్కదాంట్లో కూడా బండి పూర్తిగా పడలేదు. అందరూ వరసగా నిలబడి ఉంటారు, వెనకాల బండి సగం. ఆ రోజుల్లో మనవాళ్లకి కెమెరా అంటే గ్రూప్ ఫొటోకే. బండిని ఒంటరిగా నిలబెట్టి ఫొటో తీయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? రీలు ఖరీదు తక్కువా?

అమెరికాలో అలా తీసేవాళ్ల సంఘాలే ఉన్నాయి, స్లైడ్లు పోస్టులో మార్చుకునేవారు. అందుకే వాళ్లవి దొరుకుతున్నాయి. మనవి కావాలంటే రిటైరైన ఫైర్‌మన్ల ఇళ్లలో ఆల్బమ్‌లు అడగాలి. అందులో బండి సగమే ఉంటుంది, అయినా సరే.

#11 ఫైర్‌బఫ్ భాస్కర్

వాసు గారు చెప్పిన సంఘాల్లో పెద్దది స్పామ్‌ఫా. 1958లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో మొదలైంది, పాత మోటారు ఫైరింజన్లని కాపాడేవాళ్ల సంఘం. వాళ్ల పత్రిక పాత సంచికలు దొరికితే వదలకండి, బండి బండికీ సీరియల్ నంబరుతో సహా చర్చ ఉంటుంది.

ఆ తరంవాళ్లకి ఫొటో తీయడంలో కూడా శాస్త్రం ఉండేది. సూర్యుడు వీపు వెనక, బండి ముక్కాలు కోణంలో, తలుపులు మూసి, చక్రాలు నేరుగా, నిచ్చెన పడుకోబెట్టి, మనుషులు ఎవరూ అడ్డం లేకుండా. అట్లా తీసిన ఫొటోతో బండి మోడల్ కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

#12 వాల్తేరు వాసు

భాస్కర్ గారూ, అక్కడే నాకు మీతో పేచీ. మనుషులు లేకుండా తీసిన ఫైరింజన్ ఫొటో నాకు లారీ షోరూమ్ కేటలాగులా ఉంటుంది. గొట్టం ఎలా మడతపెట్టారు, బూట్లు ఎక్కడ పెట్టారు, హెల్మెట్ ఏ రకం, గంట ఎవరు కొడుతున్నారు, ఇవన్నీ మనుషులుంటేనే తెలుస్తాయి. మా నాన్న ఏ ఫొటో చూసినా ముందు గొట్టం కప్లింగ్ చూస్తారు, బండి మోడల్ ఆయనకి అక్కర్లేదు.

#13 ఫైర్‌బఫ్ భాస్కర్

మీ నాన్నగారితో వాదించే ధైర్యం నాకు లేదు. 🙂 కానీ పొగలో తీసిన ఫొటో పెట్టి "ఇదేం బండి" అని అడిగితే మాత్రం నేను చెప్పలేను.

#14 రంగుల రాంబాబు

అందరికీ హాయ్. నేను పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకి ఏఐతో రంగులు వేస్తుంటాను. షికాగో 1930ల నాటి నిచ్చెన బండి ఒకటి చేశాను, చూడండి. ఎంత సహజంగా వచ్చిందో!

#15 షికాగో సుబ్బారావు

రాంబాబూ, బాగుంది గానీ కప్పు ఎర్రగా వేశావు నాయనా. మా ఊళ్లో అది నల్లది. బండి మొత్తం ఎర్రగా ఉండాలని ఏఐ అనుకుంది, ఎందుకంటే మిగతా ఊళ్లలో అలాగే ఉంటాయి. ఇదే బొమ్మ రేపు ఇంకో పది సైట్లలో తిరుగుతుంది, ఎవడో ఒకడు దాన్ని చూసి బొమ్మబండికి రంగు వేస్తాడు.

డెన్వర్ బళ్లు ఏళ్ల తరబడి తెల్లవి. 1970ల్లో రాత్రిపూట బాగా కనపడుతుందని చాలా ఊళ్లు నిమ్మపసుపు రంగుకి మారాయి. వాటన్నిటికీ ఏఐ ఎర్రరంగే పూస్తుందని పందెం.

#16 కొడాక్ కామేశం

దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. 1920ల దాకా ఎక్కువగా వాడిన గాజు పలకలకీ ఫిల్మ్‌కీ ఎరుపు కనపడదు. ఆర్థోక్రోమాటిక్ అంటారు. నీలం తెల్లగా, ఎరుపు నల్లగా పడుతుంది. అందుకే ఆ కాలం ఫొటోల్లో ఫైరింజన్ బొగ్గులా ఉంటుంది, దాని మీది బంగారు గీతలు ఎక్కడికో పోతాయి. అది చూసి "అప్పట్లో నల్లరంగు వేసేవారు" అని రాసినవాళ్లున్నారు. నలుపు తెలుపుల మధ్య తేడా చూసి రంగు ఊహించడం అన్నది మనిషికైనా యంత్రానికైనా ఈ ఫొటోల్లో కుదరదు. బండి పక్కన ఏదైనా రాతపూర్వక ఆధారం ఉండాలి, లేదా అదే బండి కలర్ ఫొటో తర్వాతి కాలంలోదైనా దొరకాలి.

రంగు వేయండి, తప్పులేదు. అసలు స్కాన్ పక్కన పెట్టి, "రంగులు ఊహాత్మకం" అని బొమ్మ మీదే రాయండి.

#17 రంగుల రాంబాబు

కప్పు నల్లగా మార్చి మళ్లీ పెట్టాను సుబ్బారావు గారూ. బొమ్మ మూల మీద కూడా రాశాను.

#18 క్రోయ్‌డన్ కల్యాణి

లండన్ వైపు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మాకిక్కడ తేదీ పట్టడం అమెరికా కంటే తేలిక. 1963 నుంచి బ్రిటన్‌లో నంబరు ప్లేటు చివర ఏటికో అక్షరం వచ్చింది. ప్లేటు కనపడితే బండి వయసు దాదాపు తెలిసినట్టే. గంట ఉందా, టూ టోన్ హారన్ ఉందా అనేది ఇంకో ఆనవాలు. 1960ల్లో గంటలు పోయి హారన్లు వచ్చాయి. అయితే గంటని అలంకారంగా ఉంచుకున్నవీ ఉన్నాయి కాబట్టి హారన్ లేకపోవడాన్నే చూడాలి.

నేను ముఖ్యంగా దాచుకునేవి బ్రెయిడ్‌వుడ్ బాడీ ఉన్న డెన్నిస్ కంపెనీ బళ్లు. పాతకాలంలో ఫైర్‌మన్లు బండికి రెండు పక్కలా బయటికి తిరిగి బల్ల మీద కూర్చునేవారు, పట్టుకోవడానికి ఒక కడ్డీ, అంతే. మలుపులో జారిపడి చనిపోయినవాళ్లున్నారు. లండన్ ఫైర్ సర్వీసుకి మొదటి అధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ పేరు మీద ఆ బాడీకి ఆ పేరు. ఆయన కూడా 1861లో టూలీ స్ట్రీట్ అగ్నిప్రమాదంలో గోడ కూలి పోయారు.

నిచ్చెనల్లో గ్రీనిచ్‌లోని మెర్రీవెదర్ కంపెనీవి, జర్మనీ నుంచి ఉల్మ్ ఊరి మగిరస్, కార్ల్స్‌రూహె ఊరి మెట్స్ నిచ్చెనలు. తిరిగే పీట మీద నిచ్చెన బిగించి ఉంటుంది కాబట్టి అమెరికా టిల్లర్ బళ్లకి ఉండేంత పొడవు వీటికి అక్కర్లేదు. మా సన్న వీధుల్లో అంత పొడుగు బండి తిరగదు కూడా. బండి వెనక రెండు పెద్ద పెద్ద చక్రాలు గాల్లో వేలాడుతున్నట్టు కనపడే ఫొటోలు చూశారా? అవి చక్రాల నిచ్చెనలు. బండి మీద నుంచి దించి, చక్రాల మీద తోసుకుంటూ గోడ దగ్గరికి తీసుకెళ్లేవారు. 50 అడుగులు లేచేవి.

#19 జెర్సీ సత్తిబాబు

కల్యాణి గారూ, చక్రాలు వేలాడే బండి ఫొటో నా పెట్టెలో కూడా ఒకటుంది! ఏదో పాత తోపుడుబండి కట్టుకెళ్తున్నారనుకుని పక్కన పెట్టా. పెద్దాయన లండన్ కూడా వెళ్లినట్టున్నాడు.

ఇంతకీ శాన్‌ఫ్రాన్సిస్కో అని రాసిన వాటిలో నిచ్చెనలు చెక్కవి. 1980 అచ్చున్న స్లైడ్‌లో కూడా చెక్కే. అల్యూమినియం వచ్చేసింది కదా అప్పటికి?

#20 ఫైర్‌బఫ్ భాస్కర్

చేత్తో మోసుకెళ్లి గోడకి ఆనించే నిచ్చెనలు ఇప్పటికీ చెక్కవే. శాన్‌ఫ్రాన్సిస్కో ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి సొంత నిచ్చెనల షాపు ఉంది, చేత్తో చేసుకుంటారు. ఆ ఊళ్లో తలెత్తితే ట్రాలీ బస్సుల కరెంటు తీగలు. లోహపు నిచ్చెన తగిలితే సంగతి చెప్పక్కర్లేదు. పైగా చెక్క నిచ్చెన బరువుగా ఉంటుంది, సముద్రపు గాలికి కదలదు.

బండికి బిగించి పైకి లేపే నిచ్చెన అమెరికాలో మొదట కుదిరింది కూడా అక్కడే. డేనియల్ హేస్ అనే ఆ డిపార్ట్‌మెంట్ మెకానిక్ 1868లో పేటెంటు తీసుకున్నాడు. కొండల మీద వంపులు తిరిగే వీధులు కాబట్టి టిల్లర్ బళ్లు వదల్లేదు. ఆ ఊరి ఫొటోల్లో ఏటవాలు వీధిలో మలుపు తిరుగుతూ ముందు సగం ఒక వీధిలో, వెనక సగం ఇంకో వీధిలో ఉన్న బండి దొరికితే నాకు కాపీ పంపాలి, ఇది ఆర్డరు.

#21 గాజుపలక గౌరి

కొత్త సభ్యురాలిని. స్లైడ్లు కొనే స్తోమత లేనివాళ్లకి ఒక మాట. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో బెయిన్ సేకరణ అని ఉంది. 1900 నుంచి 1920ల దాకా ఒక వార్తా ఫొటోల సంస్థ గాజు పలకలు. డబ్బులు కట్టకుండా పెద్ద సైజు ఫైళ్లు దింపుకోవచ్చు. అందులో న్యూయార్క్ ఫైరింజన్లు చాలా ఉన్నాయి.

నాకు నచ్చేవి గుర్రాలు పోయి మోటార్లు వస్తున్న సంధికాలపు బళ్లు. ఆవిరి పంపు బండి బాగానే పనిచేస్తోంది, గుర్రాలని మేపడమే ఖర్చు. కాబట్టి బండిని పారేయకుండా, గుర్రాలు కట్టే చోట రెండు చక్రాల మోటారు ట్రాక్టర్ తగిలించారు. న్యూయార్క్ వీటిని చాలా కొంది, క్రిస్టీ అనే ఆయన చేసేవాడు. ముందు చక్రాలకే ఇంజను బలం. అదే జె. వాల్టర్ క్రిస్టీ తర్వాత యుద్ధ ట్యాంకుల సస్పెన్షన్‌తో పేరు తెచ్చుకున్నాడు. ఫొటోలో వెనక పొగగొట్టం, బాయిలర్, ముందు పెట్రోలు ఇంజను. చూస్తే నవ్వొస్తుంది, కానీ అలాంటివి ఏళ్లపాటు పనిచేశాయి. న్యూయార్క్‌లో గుర్రాల ఆఖరి పరుగు 1922 డిసెంబరులో, బ్రూక్లిన్‌లో.

#22 లష్కర్ పోరడు

గౌరి గారూ, ఫ్రీ అంటే మన పేజీల కూడ పెట్టొచ్చా? సత్తిబాబన్న స్లైడ్లు కూడ పెట్టొచ్చా?

#23 గాజుపలక గౌరి

రెండూ వేరు. బెయిన్ ఫొటోల మీద తెలిసిన ఆంక్షలేవీ లేవని లైబ్రరీయే రాసింది. సత్తిబాబు గారిది వేరే కథ. స్లైడ్ కొంటే అట్టముక్క ఆయనది అవుతుంది గానీ ఫొటో హక్కు తీసినాయన వారసులదే. అమెరికాలో ప్రచురించని ఫొటోకి తీసినవారు పోయాక 70 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. మన దేశంలో 2012 చట్ట సవరణ తర్వాత ఫొటోలకి కూడా తీసినవారు పోయాక 60 ఏళ్లు. ఇక్కడ గుర్తుపట్టడం కోసం చిన్న సైజువి చూపించుకోవడం వేరు, పెద్ద ఫైళ్లు పంచడం, పుస్తకంలో వేయడం వేరు. అమ్మినవాళ్ల దగ్గర ఒక ఉత్తరం రాయించుకోగలిగితే మేలు.

#24 నిర్వాహకుడు

గౌరి గారు చెప్పినట్టు ఈ చర్చలో చిన్న సైజు బొమ్మలే పెట్టండి. తీసినవారి ఇంటి పేరు, చిరునామా స్లైడ్ అట్ట మీద ఉంటే దాన్ని కప్పేసి స్కాన్ చేయండి.

#25 వాల్తేరు వాసు

భద్రపరిచే సంగతి ఎవరూ ఎత్తలేదు. విశాఖ గాలిలో నెగెటివ్‌లకి బూజు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. నాకు తెలిసినవి చెబుతా, కామేశం గారు దిద్దండి.

బీరువాలో బట్టల మధ్య పెట్టొద్దు. ముఖ్యంగా కలరా ఉండలు వేసే బీరువాలో అసలొద్దు. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్లకి జిగురు కారి ఫొటోకి అంటుకుంటాయి, పాలీప్రొపిలీన్ కవర్లు కొనండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పెట్టి, నెలకోసారి దాన్ని వేడి చేసి ఆరబెట్టాలి. జిగురు పేజీలున్న పెళ్లి ఆల్బమ్ లాంటివాటిలో అతికించిన ఫొటోలు ఊడదీయడానికి తొందరపడొద్దు, ముందు ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేయాలి.

#26 కొడాక్ కామేశం

అన్నీ సరైనవే. ఒక్కటి కలుపుతా. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ ఫిల్మ్ కుళ్లడం మొదలైనట్టు. ఆ నెగెటివ్‌లని వెంటనే వేరు చేయాలి, పక్కవాటిని కూడా పాడుచేస్తాయి. స్కానింగ్‌లో వాటికే మొదటి వంతు.

#27 ఫైర్‌బఫ్ భాస్కర్

గుర్తింపు విషయంలో ఒక హెచ్చరిక. తలుపు మీద నంబరు చూసి ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు రాసేయకండి. పెద్ద నగరాల్లో బండి ఒకచోట ఉండదు. కొత్తది రాగానే పాతది ఇంకో స్టేషన్‌కి పోతుంది, నంబరు మారుతుంది. ముసలిదయ్యాక స్పేర్‌గా మారి, ఎవరిది రిపేరుకి వెళ్తే వాళ్ల దగ్గర తిరుగుతుంది. ఒకే బండి ఫొటోలు మూడు నంబర్లతో నా దగ్గరున్నాయి. పట్టించేది తయారీ కంపెనీ సీరియల్ నంబరు, లేదా బాడీ మీద చిన్నచిన్న తేడాలు: గొట్టం గూడు ఎన్ని అరలు, గంట ఏ పక్క, సైరన్ ఎక్కడ. తయారీ కంపెనీలు బండి అప్పగించే ముందు ఫ్యాక్టరీ బయట పక్క నుంచి ఫొటో తీసేవి. ఆ ఫొటో దొరికితే పోల్చడం సుళువు.

కంపెనీ పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. అమెరికన్ లాఫ్రాన్స్ వేరు, వార్డ్ లాఫ్రాన్స్ వేరు. ఒకటి ఎల్మైరా ఊళ్లో, ఇంకోటి పక్కనే ఎల్మైరా హైట్స్‌లో. స్లైడ్ మీద ఒట్టి "లాఫ్రాన్స్" అని ఉంటే రేడియేటర్ గ్రిల్ చూడకుండా నమ్మొద్దు. ఆరెన్స్‌ఫాక్స్ ఒక్కదానికే ఏ ఇబ్బందీ లేదు, ముందు క్రోమియం గుండు మెరుస్తూ ఉంటుంది. పిస్టన్ పంపు నీటిని దడదడా తోస్తుంటే ఆ గుండులోని గాలి ఒత్తిడిని సమం చేస్తుంది.

మీరు కనిపెట్టింది, అట్ట మీద ముందే ఉన్నది కలిపి రాయకండి. పెద్దాయన రాతని ముట్టుకోవద్దు. మీ ఊహ వేరే ఫైల్లో, పక్కన ఎందుకనుకుంటున్నారో కారణంతో.

#28 జెర్సీ సత్తిబాబు

అప్‌డేట్. ప్లైవుడ్ కప్పు బండి స్టేషన్ దొరికింది! బండి వైపు చూడటం మానేసి వెనక భవనం చూశాను. న్యూయార్క్ నగరం 1939 నుంచి 1941 మధ్యలో పన్నుల కోసం అయిదు బరోల్లోని (నగర విభాగాల్లోని) భవనాలన్నిటికీ ఫొటోలు తీయించింది, అవి మునిసిపల్ ఆర్కైవ్స్ సైట్లో ఉన్నాయి. ఫైర్‌స్టేషన్ల చిరునామాలు పట్టుకుని ఒక్కొక్కటే చూస్తే బ్రూక్లిన్‌లో ఒకటి సరిపోయింది. తలుపు పైన రాతి చెక్కడం, పక్కింటి కిటికీల వరస, పైన చూరు అచ్చం అదే. ఆ స్టేషన్‌లో ఉన్న ల్యాడర్ కంపెనీ (నిచ్చెన బండి దళం) ఒక్కటే కాబట్టి నంబరు తేలినట్టేనా భాస్కర్ అన్నా?

#29 ఫైర్‌బఫ్ భాస్కర్

శభాష్! స్టేషన్ తేలింది. నంబరు మాత్రం "బహుశా" అని రాసుకో. ఆ రోజు అక్కడ స్పేర్ బండి ఉండి ఉండొచ్చు, పక్క స్టేషన్‌ది వచ్చి ఆగి ఉండొచ్చు. అదే రీలులో ముందు వెనక స్లైడ్లు చూడు, తలుపు మూసి ఉన్నది ఒకటి దొరకొచ్చు.

#30 లష్కర్ పోరడు

ఇదంత చదివినంక నేను కూడ ఒకటి మొదలుపెట్టిన. మా గల్లీల ఒక రిటైర్డ్ డ్రైవర్ తాత ఉన్నడు, ఫైర్ సర్వీసుల చేసిండు. ఆయన ఆల్బమ్‌ల నుంచి ఒక ఫొటో స్కాన్ చేసి పెడుతున్న. వాసన్న చెప్పినట్టే, మనుషులు ఎనిమిది మంది, బండి సగం. ప్లేటు మీద మూడు అక్షరాలున్నయి గానీ మొదటి అక్షరం "ఏ" ఒక్కటే చదవొస్తుంది. అంటే ఏపీ 09 లాంటి నంబర్లు రాక ముందుది.

ఏప్రిల్ 14 నుంచి ఫైర్ సర్వీస్ వారోత్సవాలు కదా, స్టేషన్లల్ల జనానికి బళ్లు చూపిస్తరు. స్టేషన్ ఆఫీసర్‌ని అడిగి పర్మిషన్ తీసుకుని ఈ ఫొటో చూపిస్త.

#31 వాల్తేరు వాసు

తప్పకుండా అడుగు తమ్ముడూ. 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికైన్ ఓడ పేలి ఫైర్‌మన్లు 66 మంది పోయారు. అందుకే ఆ తేదీ. ఆ రోజు స్టేషన్లకి రిటైరైనవాళ్లు కూడా వస్తారు, పాత బళ్ల గురించి వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఫొటో మా నాన్నకి చూపించాను. బండి సంగతి ఆయన చెప్పలేదు. ఎడమ నుంచి మూడో మనిషి చేతిలో ఉన్నది ఫోమ్ కొట్టే బ్రాంచి (గొట్టం చివర బిగించే నాజిల్) అంటున్నారు. అంటే పెట్రోలు, నూనె మంటల డ్రిల్ అయి ఉండొచ్చట. ఆ తాతగారిని ఒకసారి అడిగి చూడు. వెనకున్న గోడ మీద అక్షరాలు కూడా పెద్దగా చేసి మళ్లీ స్కాన్ పెట్టు, ఉర్దూలో ఏదో రాసి ఉన్నట్టుంది. ఇక్కడ చదవగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?